రఫీయుద్దీన్ జమానతు

ఎవరైనా ఎదురొచ్చి "ఏం రఫీ భాయ్, మంచిగున్నవా?" అని అడిగితే మామూలు మనిషి "మంచిగున్న" అంటాడు. రఫీయుద్దీన్ అలా అనడు. అడిగినవాడికి తనతో ఏం పని పడిందో, ఎవరు పంపితే వచ్చాడో మనసులో ఒకసారి తిప్పి చూసుకుని, అప్పుడు "ఆఁ... ఉన్న" అంటాడు. "మంచిగ" అన్న మాట మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకుంటాడు. ఇస్తే మళ్ళీ వాపసు వస్తుందో రాదో.

ఊరు కోరుట్ల. ఖతర్‌కు వచ్చి పదిహేనేళ్ళు. దుఖాన్‌లో చమురు పైపులకు మరమ్మతులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీకి దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని ఒక పాత విల్లాలో ఆఫీసుంది. అందులో మెట్ల కింద గదిలో, ఏసీ నీళ్ళు కారకుండా బకెట్ పెట్టుకున్న మూలన, రఫీ బల్ల. కంపెనీలో పనిచేసే నాలుగొందల మంది పాస్‌పోర్టులూ ఆ బల్ల వెనక ఇనప బీరువాలో ఉంటాయి. సెలవు కావాలన్నా, టికెట్ కావాలన్నా, ఈ దేశం దాటాలంటే వీసా ఇచ్చిన యజమాని కఫీల్ సంతకం పెట్టి ఇవ్వాల్సిన ఖురూజ్ కాగితం కావాలన్నా ఫైలు మొదట ఆ బల్ల మీదికే రావాలి. పెద్ద ఉద్యోగమేం కాదు, గుమాస్తాగిరీ. కానీ సెలవులు దగ్గరపడ్డాయంటే ఇంజనీర్లు కూడా ఆ మెట్ల కింద నడుం వంచి లోపలికొచ్చి రఫీ ఆరోగ్యం అడిగి పోయేవాళ్ళు.

అది రెండువేల ఎనిమిది ఎండాకాలం. ముడి చమురు ధర ఏ రోజు చూసినా నిన్నటికంటే పైనే ఉండేది. కంపెనీకి ఒక పని కాకముందే ఇంకో పని వచ్చి పడేది. మనిషికి సెలవియ్యమంటే మేనేజర్ మొహం గంటు పెట్టుకునేవాడు. సెలవు దొరకని చోట మనవాళ్ళకు తెలిసిన మందు ఒకటే: అమ్మ సీరియస్.

ఆ మందు ఎరగని గల్ఫ్ మనిషి లేడు. మొదట్లో టెలిగ్రాం, తర్వాత ఫ్యాక్స్. "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న ముక్క మెట్‌పల్లి, మోర్తాడ్ బజార్లలో ఎస్టీడీ బూత్‌ల దగ్గర ముందే అచ్చుకొట్టి ఉండేది, పేరొక్కటి నింపితే చాలు. పొలం బేరానికొస్తే అమ్మ సీరియస్. చెల్లె పెండ్లికి అమ్మ సీరియస్. పైపుల గ్యాంగులో పనిచేసే లస్మయ్య తల్లి నాలుగేళ్ళలో మూడుసార్లు సీరియస్ అయింది, మూడుసార్లూ సరిగ్గా నాట్ల కాలంలోనే. కొడుకు ఊళ్ళో దిగేసరికి ఆవిడ మడిలో మునుం పట్టి నాటేస్తూ ఉండేది. తల్లి లేనివాడికి మేనత్త సీరియస్ అయ్యేది. ఆ తల్లులేం తక్కువవాళ్ళు కాదు. "నా పేరు మీదనే రాపియ్యిరా, నాకేమైతది" అనేవాళ్ళు.

కొత్తలో రఫీ కూడా నలుగురికి ఆ ఇంగ్లీషు ముక్క రాసిచ్చినవాడే. అది తన నెత్తికే చుట్టుకున్నాక గానీ బుద్ధి రాలేదు. ఏడేళ్ళ కిందట బామ్మర్ది హమీదుద్దీన్ ఇదే కంపెనీలో ఉండేవాడు. ఒకరోజు వాడికి ఫ్యాక్స్ వచ్చింది, అమ్మ సీరియస్ అని. అర్జెంటు సెలవు మీద పోయేవాడికి ఎవరైనా జమానతు ఉండాలన్నది కంపెనీ పద్ధతి. పోయినవాడు తిరిగి రాకపోతే, ఆ సంగతి తేలేదాకా జమానతు పెట్టినవాడికి ఖురూజ్ ఇవ్వరు. అత్తగారి ప్రాణం కదా అని రఫీ సంతకం పెట్టాడు. ఏడుస్తున్న హమీద్‌ను తనే విమానం దాకా సాగనంపాడు. మర్నాడు పరామర్శకని కోరుట్లకు ఫోన్ చేస్తే, ఎత్తింది స్వయానా అత్తగారు. "నాకేమైంది బేటా? మిద్దె మీద మిరపకాయలు ఎండేస్తున్న" అంది.

హమీద్ మళ్ళీ రాలేదు. ఊళ్ళోవాళ్ళు గల్ఫ్ మొత్తాన్నీ దుబాయ్ అనే అంటారు గానీ, వీడు నిజంగా దుబాయ్‌కే పోయాడు, వేరే కంపెనీ వీసా మీద. రఫీకి పద్నాలుగు నెలలు ఖురూజ్ దొరకలేదు. ఆ పద్నాలుగు నెలల్లో చిన్న కూతురు పుట్టింది, బోర్లా పడింది, పాకింది, నడిచింది. రఫీ ఇల్లు చేరేసరికి ఆ పిల్ల తండ్రిని చూసి తల్లి కొంగు చాటుకు పోయింది. భార్య మజీదా ఇప్పటికీ మొగుడి ముందు తమ్ముడి పేరెత్తదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది రఫీ పని. ఇక ఎవరికీ సంతకం పెట్టలేదు, ఎవరి అమ్మనూ నమ్మలేదు. ఫ్యాక్స్ వస్తే ఆ ఊరికి ఫోన్ కొట్టి, ఇంటివాళ్ళను కాదు, పక్కింటివాళ్ళను అడిగేవాడు. ఆస్పత్రి పేరడిగేవాడు, మంచం నంబరు అడిగేవాడు. మేనేజర్ కృష్ణప్రసాద్‌ది కాకినాడ. ఆయనకు ఈ గుణం తెగ నచ్చింది. "రఫీ గారు ఓకే అంటే నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తానండీ" అని పదిమందిలో అనేవాడు. ఆ మాటకు రఫీ లోపల్లోపల ఉబ్బేవాడు. దొంగను పట్టే కుక్కకు కూడా మెడలో ఓ గంట కడితే సంతోషమే కదా.

అలాంటి రఫీ బల్ల ముందుకు ఆగస్టు రెండో ఆదివారం పొద్దున సామ్వెల్ వచ్చి కూర్చున్నాడు. అర్మేనియా దేశస్థుడు. దుఖాన్‌లో వెల్డింగ్ అతుకులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్. క్యాంపులో మనవాళ్ళు "సామేలు సార్" అంటారు. ఆ దేశం మనిషి కంపెనీ మొత్తానికి ఆయనొక్కడే. నాలుగేళ్ళలో రఫీతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండడు. మాట్లాడనివాడు ఏదో దాస్తున్నాడని రఫీ సిద్ధాంతం. ఎక్కువ మాట్లాడేవాడు ఇంకా పెద్దది దాస్తున్నాడని ఇంకో సిద్ధాంతం.

"నాకు సెలవు కావాలి. వెంటనే" అన్నాడు సామ్వెల్. ఇద్దరి మధ్యా నడిచేది ముక్కల ఇంగ్లీషు, అందులో చారెడు హిందీ, చిటికెడు అరబ్బీ.

"ఎందుకు?"

"మా అమ్మ, నా భార్య, నా కూతురు జార్జియాలో సముద్రం ఒడ్డున ఉన్నారు. శుక్రవారం అక్కడ యుద్ధం మొదలైంది. అమ్మకు ఒంట్లో బాగాలేదు."

రఫీ కలం కింద పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ పుట్టినా అమ్మలందరికీ ఇదే రోగమా అనుకున్నాడు.

"మీది అర్మేనియా కదా. వాళ్ళు జార్జియాకు ఎందుకు వెళ్ళారు?"

"మా దేశానికి సముద్రం లేదు. వేసవిలో మావాళ్ళంతా అక్కడికే వెళ్తారు. ఇప్పుడు ఇంటికి వచ్చే పెద్ద రోడ్డు తెగిపోయింది. ఇంకోటి కొండల మీది దారి. జబ్బు మనిషితో ఆడవాళ్ళిద్దరే ఆ దారిలో రాలేరు. నేను వెళ్ళి తీసుకురావాలి."

"డాక్టరు కాగితం ఉందా?"

"అద్దె గదిలో ఉన్నారు. అక్కడ డాక్టరెవరు, కాగితమెవరిస్తారు?"

నంబరు తీసుకుని రఫీ అక్కడికక్కడే ఫోన్ కొట్టాడు. కలవలేదు. లైన్లు సరిగా లేవన్నాడు సామ్వెల్. ఎందుకుంటాయి మరి, అనుకున్నాడు రఫీ. యుద్ధం నిజమే, టీవీలో ట్యాంకులు కనబడుతున్నాయి. యుద్ధం నిజమైనంత మాత్రాన అమ్మ రోగం నిజం కావాలని ఎక్కడుంది? పెద్ద అబద్ధం ఎప్పుడూ ఒక చిన్న నిజాన్ని చంకనెత్తుకునే వస్తుంది.

అయినా డ్యూటీ డ్యూటీయే. సోమవారం పొద్దున రఫీ గోడ మీది మ్యాపు ముందు నిలబడి దారి వెతికాడు. అతి దగ్గరి దారి, అతి తొందరగా దొరికే సీటు వెతకడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. జార్జియాను ఆనుకునే ఉన్న దేశానికి రాజధాని బాకూ. దుబాయ్ మీదుగా ఆ రాత్రికే బాకూ విమానంలో సీటుంది. అక్కణ్ణుంచి జార్జియా ఎంత, ఇట్లా దిగి అట్లా పోవడమే. గొప్పగా దుఖాన్‌కు ఫోన్ చేసి చెప్పాడు.

"బాకూ వద్దు" అన్నాడు సామ్వెల్.

"ఎందుకు? అదే దగ్గర."

"నేను అర్మేనియన్‌ని. బాకూ మీదుగా వెళ్ళను. ఇస్తాంబుల్ చూడు. అక్కణ్ణుంచి ట్రాబ్జోన్‌కు ఇంకో విమానం, తర్వాత బస్సులో సరిహద్దు దాటతాను."

"అది చుట్టు తిరుగుడు. ఒక రోజు పైనే ఎక్కువ పడుతుంది."

"అయినా అదే" అని ఫోన్ పెట్టేశాడు.

నేను అర్మేనియన్‌ని అట. నేను కోరుట్లవాణ్ణి, అయితే ఏంటి? తల్లి మంచాన పడి ఉంటే, పెళ్ళాం పిల్లా బాంబుల మధ్య ఉంటే, దగ్గరి దారి వద్దనేవాడు ఎక్కడైనా ఉంటాడా? పైగా ఇస్తాంబుల్! ఆ పేరు వినగానే రఫీ చెవులు నిక్కాయి. పోయినేడు ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు సెలవని అటే పోయి కజకిస్తాన్‌లో ఇంకో చమురు కంపెనీలో తేలారు. ఆ ఏడాది వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ను ఏ కంపెనీ అయినా కళ్ళకద్దుకుని తీసుకునేది. దొరికాడు దొంగ, అనుకున్నాడు రఫీ.

ఫైలు తిప్పి పంపలేదు. సొరుగులో పెట్టాడు. సొరుగులో పెట్టడమంటే కాదనడం కాదు, ఔననడమూ కాదు. అబద్ధమాడేవాడు రెండు రోజులాగితే విసిగిపోయి కథ మారుస్తాడని అతని పదిహేనేళ్ళ అనుభవం. సామ్వెల్ సోమవారం మూడుసార్లు ఫోన్ చేశాడు. మంగళవారం నాలుగుసార్లు. ప్రతిసారీ రఫీ ఒకే మాట చెప్పాడు: "ఫైలు పై సంతకానికి పోయింది." సామ్వెల్ కథ మాత్రం మారలేదు. అదే అమ్మ, అదే సముద్రం, అదే ఇస్తాంబుల్. ఎంత బాగా కంఠతా పట్టాడో అని రఫీ ఆశ్చర్యపోయాడు.

మంగళవారం సాయంత్రం కృష్ణప్రసాద్ మెట్ల దగ్గర ఆగి అడిగాడు. "ఆ అర్మేనియా ఆయన సెలవు ఏమైందండీ?"

"చూస్తున్న సార్. జర డౌటున్నది."

"డౌటుంటే ఆపేయండి బాబూ. పని మధ్యలో ఇన్‌స్పెక్టర్ని వదిలేస్తే నా పీకల మీదికొస్తుంది."

బుధవారం పొద్దున, దొంగను సాక్ష్యంతో సహా పట్టుకుందామని రఫీ నఫీసాకు ఫోన్ చేశాడు. నఫీసా మలక్‌పేట ఆడపడుచు. కంపెనీ టికెట్లన్నీ కొనే ట్రావెల్ ఏజెన్సీలో కౌంటర్ ఆమెదే.

"బెహన్, సామ్వెల్ అని మా ఇన్‌స్పెక్టరు. ఆయన మీ దగ్గర గానీ, ఇంకో దగ్గర గానీ చాటుకు టికెట్ ఏమన్న కొనుక్కున్నడా జర చూడు."

"చాటుకు ఎందుకు కొంటడు భాయ్?"

"అదే నా డౌటు. జార్జియాకు పోవాలంటడు. బాకూ మీదికెల్లి ఇస్తనంటే వద్దంటడు."

"ఆయన పాస్‌పోర్ట్ ఏది?"

"అర్మేనియా."

"తౌబా! రఫీ భాయ్, మీకు దిమాక్ ఉందా? అర్మేనియా ఆయన్ని బాకూ పంపుతున్నరా?"

"ఏం, ఏమైతది?"

"రానియ్యరు భాయ్. అర్మేనియా వాళ్ళకు, బాకూ వాళ్ళకు ఇరవై ఏండ్ల సంది లడాయి. నా ముందల కంప్యూటర్ల రాసే ఉన్నది. అర్మేనియా పాస్‌పోర్ట్ ఉంటే విమానం మారనీకి సుత దిగనియ్యరు. వేరే దేశం పాస్‌పోర్ట్ ఉన్నా, పేరు చూసి అర్మేనియా వాళ్ళని తెలిస్తే వాపస్ పంపుతరు. మొన్న ఒక రష్యా పాస్‌పోర్ట్ ఆయనకు అట్లనే అయింది. ఈయన్నైతే ఏం చేస్తురో ఖుదాకే ఎరుక."

"మరి ఇస్తాంబుల్?"

"టర్కీకి, వాళ్ళకు నడుమ సరిహద్దు సుత బందే. గానీ విమానంల పోతే వీసా ఇస్తరు, అట్లకెల్లి జార్జియాకు తొవ్వ ఉన్నది. సీదా వాళ్ళ దేశానికి పోదామంటే పది రోజుల దాక సీట్లు లెవ్వు. ఆయన చెప్పిందే సరైన తొవ్వ. ఇంకో తొవ్వ లేదు భాయ్."

రఫీ ఫోన్ పెట్టేశాడు. సొరుగు లాగాడు. ఫైలు పెట్టింది పెట్టినట్టే ఉంది. తను ఇస్తానన్న టికెట్ తీసుకుని ఆ మనిషి బాకూలో దిగి ఉంటే? వద్దన్నందుకు వాణ్ణే దొంగను చేశాను కదా అనుకున్నాడు. ఫైలు పట్టుకుని మెట్లెక్కి మేనేజర్ గదిలోకి పోయాడు.

"సార్, ఈయన చెప్పింది నిజమే. తొందరగ పంపాలె."

"నిన్ననే కదండీ డౌటన్నారు?"

"తెలుసుకున్న సార్."

"ఇదంతా ముందే తెలుసుకోవలసింది. ఎవరండీ లేటు చేసింది?" కృష్ణప్రసాద్ మామూలుగానే అడిగాడు, కాగితాలు తిప్పుతూ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రఫీ చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది. సొరుగు సంగతి చెప్పలేదు.

"సరే, జమానతు ఎవరిస్తారు? వాళ్ళ దేశం వాడు ఇంకొకడు లేడాయె" అని కృష్ణప్రసాద్ నవ్వాడు. "మీరు పెడతారేంటండీ?"

హమీదుద్దీన్ కథ తెలిసినవాడే గనక అది వేళాకోళం. రఫీ నవ్వలేదు. ఇంటికి పోయి రెండేళ్ళయింది. రంజాన్ పండగకు పోవడానికి సెప్టెంబరు నడిమికి సెలవు మంజూరై ఉంది. చిన్న కూతురు రోజులు లెక్కపెడుతోంది. సామ్వెల్ తిరిగి రాకపోతే ఆ సెలవు గంగలో కలిసినట్టే. ఇంకా చెప్పాలంటే అనుమానం అప్పుడు కూడా పోలేదు. దారి నిజమే. మరి అమ్మ?

"పెడత సార్" అన్నాడు.

నమ్మి పెట్టలేదు. ఆ సొరుగు లోపల ఉన్న రెండు రోజులను ఎట్లాగో వదిలించుకుందామని పెట్టాడు.

గురువారం కాగితాలు తీసుకోవడానికి వచ్చిన సామ్వెల్ జమానతు మీద సంతకం చూసి తలెత్తాడు. "నువ్వా?" అన్నాడు. రఫీ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. "నన్ను నమ్మినవాడివి ఈ దేశంలో నువ్వొక్కడివే." రఫీ బకెట్‌లో పడుతున్న ఏసీ నీళ్ళకేసి చూస్తూ, "టికెట్ జాగ్రత్త" అన్నాడు. శుక్రవారం కంపెనీ డ్రైవర్ హన్మాండ్లు అతన్ని ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాడు.

సెలవు మూడు వారాలు. వారం గడిచింది. సామ్వెల్ ఫోను మోగదు. క్యాంపులో సంగతి పాకింది, మొన్న బామ్మర్ది, ఇప్పుడు సామేలు సార్ అని. హన్మాండ్లు అగ్గికి ఆజ్యం పోసేవాడే తప్ప నీళ్ళు పోసేవాడు కాదు.

"రఫీ భాయ్, ఒక మాట జెప్తా. సార్ కొత్త బూట్లు తొడుక్కొని పోయిండు."

"అయితేంది?"

"అమ్మ పానం మీదుంటే కొత్త బూట్లు యాదికొస్తయా?"

రఫీకి ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు పాస్‌పోర్టుల పని అని వంక పెట్టుకుని హన్మాండ్లు బండిలోనే దుఖాన్ పోయి, క్యాంపు బాసును బతిమాలి సామ్వెల్ గది తీయించాడు. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. కిటికీలో కాఫీ కాచుకునే చిన్న ఇత్తడి గిన్నె ఉంది. బట్టల బీరువాకు తాళం ఉంది.

"తాళమేసిండు. అంటే మల్లొస్తడు" అన్నాడు హన్మాండ్లు, ఈసారి జాలిపడి.

"రానోడే తాళమేస్తడు, మనం నమ్మాల్నని" అన్నాడు రఫీ. తాళాన్ని గుంజి చూశాడు. గట్టిగానే ఉంది.

రంజాన్ నెల మొదలైంది. మజీదా ఫోన్‌లో టికెట్ తారీఖు అడిగింది. దాచి లాభం లేక జమానతు సంగతి చెప్పాడు.

"మల్ల పెట్టిన్రా? ఎవరికి, చుట్టమా?"

"కాదు."

"దోస్తా?"

"కాదు."

"మరెందుకు పెట్టిన్రు?"

రఫీ కార్డులో డబ్బులైపోయినట్టు ఫోన్ కట్ చేశాడు.

గడువు శుక్రవారంతో ముగిసింది. శుక్ర, శని ఆఫీసు సెలవు. ఆదివారం పొద్దున తాళం తీసి, నుదురు బల్లకానించి కూర్చున్నాడు రఫీ. మెట్ల కింద వెలుతురుకు ఎవరో అడ్డం వచ్చారు. గడ్డం పెరిగి, చెంపలు లోపలికిపోయి, ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక గుండెల మీదినుంచి బండ దిగింది. సెలవుకు పోవచ్చు. సిగ్గులేని సంతోషం అది, ముందు తన గురించే.

సామ్వెల్ పాస్‌పోర్ట్ బల్ల మీద పెట్టాడు. పుట్టిన బుద్ధి ఎక్కడికి పోతుంది? రఫీ దాన్ని తెరిచి ముద్రలన్నీ చూశాడు. శుక్రవారం ఇస్తాంబుల్. ఆదివారం జార్జియా సరిహద్దు. తర్వాత కొండ దారిన అర్మేనియా. అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. అప్పుడు గానీ అడగలేదు.

"అమ్మ ఎలా ఉంది?"

"శనివారం తెల్లవారుజామున పోయింది. నేను ఆదివారం మధ్యాహ్నం చేరాను."

రఫీ పాస్‌పోర్ట్ మూసేశాడు. చావు కబురు విన్నప్పుడు తనవాళ్ళు అనుకునే మాట అరబ్బీలో నోట్లోనే అనుకున్నాడు. సామ్వెల్ ఎప్పుడూ లేనంతగా మాట్లాడాడు. వ్యాను మాట్లాడుకుని, తల్లినీ భార్యనూ కూతురినీ తీసుకుని ఆ కొండ దారినే రెండు రోజులు ప్రయాణం చేశాడట. సొంత ఊళ్ళో, తండ్రి పక్కన మట్టి చేశాడట.

"మాలో నలభయ్యో రోజు పెద్దది. అప్పటిదాకా గడ్డం తీయను. ఇంట్లోనే ఉండాలి."

"మాకూ ఉంది నలభయ్యో రోజు. అది కాకముందే ఎందుకు వచ్చారు మరి?"

"నువ్వు సంతకం పెట్టావు కదా. నీకు పండగ సెలవుందని ఎయిర్‌పోర్టు దారిలో హన్మాండ్లు చెప్పాడు. నేను రాకపోతే నిన్ను పోనివ్వరట." సంచిలోంచి గుడ్డ చుట్టిన సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నల్లటి పాకంలో నల్లటి కాయలు. "పచ్చి అక్రోటు కాయల మురబ్బా. సముద్రానికి వెళ్ళే ముందు అమ్మ చేసి పెట్టింది. మా ఇంట్లో ఇవి రెండే సీసాలు మిగిలాయి. ఒకటి నన్ను నమ్మిన మనిషికి ఇద్దామన్నాను. నా భార్య సరే అంది."

రఫీ సీసాకేసి చూశాడు. తీసుకుని షుక్రియా అంటే అయిపోయేది. ఎవరికీ తెలిసే అవకాశం లేదు. కృష్ణప్రసాద్‌కే తెలియదు. పైగా తను పెట్టిన జమానతు అబద్ధం కాదు, సంతకం కళ్ళెదుటే ఉంది. కానీ ఉపవాసం మీద ఉన్న నోటితో ఆ షుక్రియా అనడం అతని వల్ల కాలేదు.

"నేను నమ్మలేదు" అన్నాడు.

"ఏమిటి?"

"నిన్ను నేను నమ్మలేదు. ఫైలు పై సంతకానికి పోయిందని చెప్పాను కదా, పోలేదు. ఇదిగో, ఈ సొరుగులోనే ఉండింది. బాకూ వద్దన్నావని అనుమానపడ్డాను. వేరే కంపెనీకి పారిపోతున్నావనుకున్నాను. అమ్మ సంగతి అబద్ధమనుకున్నాను."

సామ్వెల్ సొరుగుకేసి చూశాడు. "ఎన్ని రోజులు?"

"రెండు. సోమవారం, మంగళవారం."

సామ్వెల్ పెదవులు కదిలాయి. ఆదివారం లోంచి రెండు రోజులు వెనక్కి లెక్కపెడుతున్నాడని రఫీకి అర్థమైంది. తను ఆ లెక్క అప్పటికే వేసుకుని ఉన్నాడు.

"శుక్రవారం అమ్మ బాగానే మాట్లాడింది" అన్నాడు సామ్వెల్. "సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉందట. బయట కారు చప్పుడైనప్పుడల్లా, వచ్చింది నేనేమో చూసి రమ్మని నా కూతుర్ని కిటికీ దగ్గరికి పంపిందట."

రఫీ మాఫ్ చెయ్యి అందామనుకున్నాడు. ఎంత చిన్న మాట అది.

సామ్వెల్ లేచాడు. పాస్‌పోర్ట్‌ను వేలితో రఫీ వైపు తోశాడు. "ఇది బీరువాలో పెట్టుకో. నీ సెలవుకు ఇక అడ్డం లేదు. ఇంటికి వెళ్ళు" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. నడుం వంచి మెట్ల కిందినుంచి బయటికి పోయాడు. సీసా వెనక్కి తీసుకోలేదు.

అది తన దగ్గర ఉండకూడదని మాత్రం రఫీకి తెలిసింది. సీసా పట్టుకుని వెంట పరిగెత్తాడు. వాకిట్లో హన్మాండ్లు బండి ఇంజను ఆన్‌లోనే ఉంది, సామ్వెల్ ముందు సీట్లో కూర్చున్నాడు. రఫీ అద్దం దగ్గరికి పోయి సీసా చాపాడు. సామ్వెల్ సీసానూ చూశాడు, రఫీనీ చూశాడు. తిట్టినా బాగుండేది. బయటి వేడి లోపలికి వస్తోందన్నట్టు నిదానంగా అద్దం పైకి ఎక్కించి, "యల్లా, పద" అన్నాడు హన్మాండ్లుతో.

బండి దుఖాన్ దారి పట్టింది. కోరుట్ల రఫీయుద్దీన్ ఆ సీసా రెండు చేతులా పట్టుకుని, పట్టపగలు, నడివాకిట్లో నిలబడి ఏడ్చాడు.